ఫొటోల రాజా: లాలా దీన్‌దయాళ్

బదిలీ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్ళలో ముందు పుస్తకాలు, తర్వాత వంట సామాను సర్దుతారు. గోడ మీది ఫొటోలు మాత్రం లారీ వచ్చే రోజు పొద్దున దించి, దుప్పటి మడతల్లో పెట్టి కడతారు. మేము నలుగురం ఒకరోజు ఈ సంగతి మాట్లాడుకుంటే, నలుగురి ఇళ్ళలోనూ ఇదే పద్ధతని తెలిసింది.

ఈ ఏడాది బడి ప్రదర్శనలో మా బాగ్‌బేరా ఫొటోలు పెట్టాలనీ, కొన్నింటిని అట్టకు ఎక్కించి అమ్మాలనీ అనుకున్నాం. టాటానగర్ స్టేషను, రైల్వే క్వార్టర్లు, తెలుగువాళ్ళ వాకిళ్ళలో సంక్రాంతి ముగ్గులు మేమే తీశాం. పాత ఫొటోల కోసం ఇళ్ళలో అడిగాం. ఒకరింట్లో ప్లాస్టిక్ కాగితం కప్పిన జిగురు ఆల్బమ్ ఉంది. అందులోంచి ఒక ఫొటో లాగితే సగం ముఖం ఆల్బమ్‌కే అంటుకుని ఉండిపోయింది. మరొకరింట్లో అంతకంటే చాలా పాత పెళ్ళి ఫొటో ఉంది. బూడిదరంగు అట్ట మీద అంటించారు. అది చెక్కు చెదరలేదు. కొత్తది పాడై, పాతది నిలవడం ఏమిటని టీచరుగారిని అడిగాం. ఆవిడ జవాబు చెప్పకుండా దీన్‌దయాళ్ గురించి చదువుకుని రమ్మన్నారు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగు చదివారు. ఆ కాలేజీయే నేటి ఐ.ఐ.టి. రూర్కీ. 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం వచ్చింది. కట్టడాలకు అంచనాలు వేయడం, ప్లాన్లు గీయడం ఆయన పని. అంటే ఆయన కూడా మన అమ్మానాన్నల్లాగే సర్కారు కొలువు కోసం సొంత ఊరు వదిలి వెళ్ళినవారే.

సుమారు ముప్ఫయ్యేళ్ళ వయసులో, 1874లో ఆయన ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. అప్పట్లో అది తేలిక పని కాదు. గాజు పలక మీద మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. కెమెరాతోపాటు గుడారం, మందు సీసాలు, గాజు పలకలు అన్నీ మోసుకుపోవాలి. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు, అక్కడి ఆంగ్ల అధికారి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటో తీసే అవకాశం కూడా దక్కింది.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే అధికారి వెంట మధ్య భారతమంతా తిరిగారు. గ్వాలియర్ కోట, ఖజురాహో గుళ్ళు, సాంచీ స్తూపం ఆయన కెమెరాలోకి వచ్చాయి. ఆ ఫొటోలతో 1886లో ఒక పెద్ద పుస్తకం అచ్చయింది. ప్లాన్లు గీసిన చెయ్యి కదా, ఆయన తీసిన కట్టడాల స్తంభాలు నిటారుగా నిలబడతాయి. 1885లో వైస్రాయి డఫరిన్ ఆయనను తన ఫొటోగ్రాఫరుగా నియమించారు. ఆయన మొదట ఉద్యోగానికి సెలవు పెట్టి ఫొటోలు తీశారు. తర్వాత ఉద్యోగమే వదిలేశారు. నెలజీతం వదులుకుని, నలుగురూ కొనుక్కునే ఫొటోల మీద ఇల్లు నడపడానికి సిద్ధపడ్డారు.

ఇక్కడే అట్ట సంగతి వస్తుంది. ఆ రోజుల్లో ఫొటో కాగితానికి ఉప్పు కలిపిన గుడ్డు తెల్లసొన పూసేవారు. ఆరాక సిల్వర్ నైట్రేట్‌లో తేల్చితే ఆ కాగితం వెలుగుకు మారే గుణం తెచ్చుకుంటుంది. దాని మీద గాజు నెగెటివ్‌ను ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగుతుంది. నెగెటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే. పది అంగుళాల ఫొటో కావాలంటే పది అంగుళాల గాజు పలక మోయాల్సిందే. ఇంత కష్టపడి తీసిన ఫొటో, కడిగి ఆరబెట్టగానే ఎండుటాకులా చుట్టుకుపోతుంది. కాగితం పల్చన, పైన తెల్లసొన పొర. అందుకే దాన్ని మందపాటి అట్టకు అంటించక తప్పదు. అంచులు తిన్నగా కోసి, వెనక గంజి జిగురు రాసి, అట్ట మీద పరిచి, రోలరు మధ్య నొక్కి నునుపు చేసేవారు.

అట్టకు కొలతలు ఉండేవి. చేతిలో ఇమిడే చిన్నదాన్ని కార్టు అనీ, సుమారు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు ఉన్నదాన్ని క్యాబినెట్ కార్డు అనీ అనేవారు. ఫొటో కింద వదిలిన అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసేవారు. అది అందంతోపాటు ప్రకటన కూడా. ఫొటో ఏ ఇంటి బల్ల మీదికి వెళ్తే స్టూడియో పేరు ఆ ఇంటికి వెళ్తుంది. దీన్‌దయాళ్ ఫొటోల్లో చాలావాటికి నంబరు, స్థలం పేరు కూడా ఉన్నాయి. నంబరు ఉంటే గాజు పలకల బీరువాలో ఏ నెగెటివ్ ఎక్కడుందో దొరుకుతుంది. అదే ఫొటో మరొకరు అడిగితే మళ్ళీ ముద్రించి ఇవ్వవచ్చు.

1886లో ఆయన సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. కంటోన్మెంటు ఊరు కనుక అక్కడా అందరూ వచ్చిపోయేవారే. బదిలీ మీద వచ్చిన సైనికాధికారులు ఊరు విడిచేలోగా ఒక ఫొటో తీయించుకుని వెళ్ళేవారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, దాని బాధ్యత కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా చేసుకుని, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహాదుర్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. లాలా దీన్‌దయాళ్ అప్పటినుంచి రాజా దీన్‌దయాళ్ అయ్యారు. నిజాం విందులు, వేటలతోపాటు ఆ రాజ్యంలో జరిగిన కరువు సహాయ పనులు కూడా ఆయన స్టూడియో ఫొటోల్లో ఉన్నాయి. 1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది.

1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, 1905 జూలై 5న, దీన్‌దయాళ్ కూడా కన్నుమూశారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ పని సాగించినా పాత వైభవం నిలవలేదు. అయినా గాజు పలకలు కొన్ని కుటుంబం దగ్గర మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2857 నెగెటివ్‌లు సేకరించింది. 2006లో మన తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఇదంతా చదివాక మా ప్రశ్నకు జవాబు దొరికింది. గంజి జిగురుకు నీటితో మెత్తబడే గుణం ఉంది. నేర్పున్నవాళ్ళు ఫొటోకు దెబ్బ తగలకుండా అట్ట నుంచి విడదీయగలరు. జిగురు ఆల్బమ్ బంక అలా వదలదు. అలాగని పాత పద్ధతి అంతా మంచిదే అనలేం. చెక్క గుజ్జుతో చేసిన చవక అట్టలో ఆమ్లం ఉంటుంది. అది ఏళ్ళు గడిచేకొద్దీ ఫొటోను పసుపు పచ్చగా మారుస్తుంది.

అందుకే మా ప్రదర్శనకు ఆమ్లం లేని అట్ట తెప్పించాం. ఫొటోకు ఎక్కడా జిగురు తగలనివ్వలేదు. కాగితాన్ని చిన్న జేబుల్లా మడిచి, వాటిని వెనక అట్టకు అంటించి, ఫొటో నాలుగు మూలలూ అందులో దూర్చాం. పైన కిటికీలా కోసిన మరో అట్ట పెట్టాం. దానివల్ల ఫ్రేము గాజు ఫొటోను తాకదు. తాకితే చెమ్మకు రెండూ అతుక్కుంటాయి. కిటికీ కింద వైపు అంచు కొంచెం ఎక్కువ వదిలాం. నాలుగు వైపులా సమానంగా వదిలితే ఫొటో కిందికి జారినట్టు కనిపిస్తుంది. వెనక అట్ట మీద ఊరు, ఏడాది, నంబరు పెన్సిలుతో రాశాం. పెన్ను గట్టిగా నొక్కితే అచ్చు ముందుకు దిగుతుంది, సిరా పాకుతుంది.

దీన్‌దయాళ్ పోయేనాటికి జంషెడ్‌పూర్ అనే ఊరే లేదు. టాటా ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది, సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు 1919లో వచ్చింది. పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టిన మనవాళ్ళ ఫొటోలు ఏ రాజాస్థానంలోనూ లేవు. మన పెట్టెల్లోనే ఉన్నాయి.

ఆ బూడిదరంగు అట్ట పెళ్ళి ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నారు. ఆ ఇంటి మామ్మగారి ముందు పెడితే, కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కరినీ గుర్తుపట్టారు. పన్నెండు పేర్లు చెప్పారు. ఇద్దరి దగ్గర ఆగిపోయారు. వాళ్ళను ఎరిగినవాళ్ళు ఇంకెవరూ లేరన్నారు. కొత్త అట్ట వెనక పద్నాలుగు గీతలు గీసి, రెండు ఖాళీగా వదిలాం.

మీ ఇంట్లోనూ ఈసారి సామాను సర్దేటప్పుడు ఫొటోల వెనక తిప్పి చూడండి. పేర్లు లేకపోతే, చెప్పగలిగిన పెద్దలు దగ్గర ఉండగానే ఒక పెన్సిలు తీసుకుని కూర్చోండి.