భయానికి రూపమిచ్చిన రచయిత

కొన్ని పాత్రలు తమను సృష్టించిన రచయితలకన్న ఎక్కువ కీర్తి గడిస్తాయి. డ్రాక్యులా పేరు వినని విద్యార్థి అరుదు. ఆ రక్తపిపాసికి ప్రాణం పోసిన బ్రామ్ స్టోకర్ జీవితం ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

స్టోకర్ 1847 నవంబరు 8వ తేదీన ఐర్లండులోని డబ్లిన్ సమీపాన క్లాంటార్ఫ్‌లో జన్మించాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఏడుగురు సంతానంలో ఆయన మూడవవాడు. బంగాళాదుంప పంట తెగులు సోకి నశించగా, ఆకలితోను జ్వరాలతోను దాదాపు 10 లక్షల మంది ఐరిష్ ప్రజలు మరణించిన కరవు కాలమది. అంతుపట్టని వ్యాధి వల్ల బాలుడు ఏడేండ్ల ప్రాయం వరకు మంచం దిగలేదు. తల్లి షార్లెట్ కథలు చెప్పి అతనిని ఓదార్చేది. ఆమె స్వస్థలమైన స్లైగో పట్టణంలో 1832లో కలరా విజృంభించింది. ప్రాణం పోకముందే రోగులను పూడ్చిపెట్టారన్న భయంకర వృత్తాంతాలను ఆమె మరువలేదు. పెద్దవాడైన తరువాత స్టోకర్ ఆ జ్ఞాపకాలను తల్లిచేత వ్రాయించుకొన్నాడు. చనిపోయియు చావని డ్రాక్యులా పాత్రకు బీజం ఇక్కడనే పడిందని పలువురు విమర్శకుల అభిప్రాయం.

రోగపీడితుడైన ఆ బాలుడే ట్రినిటీ కళాశాలలో పేరొందిన క్రీడాకారుడయ్యాడు. డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ, పత్రికకు నాటక విమర్శలు వ్రాశాడు. ఆ విమర్శల వల్లనే మహానటుడు హెన్రీ ఇర్వింగ్ స్నేహం లభించింది. 1878లో లండన్ చేరి, ఇర్వింగ్ నడిపిన లైసియం నాటకశాల నిర్వహణభారం వహించాడు. ఆ పని ఒత్తిడిలో దొరికిన తీరిక వేళలలోనే రచన సాగించాడు. 1890 వేసవిలో విట్బీ అనే సముద్రతీర పట్టణపు గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం ఆయనకు డ్రాక్యులా అనే పేరును అందించింది. కథారంగమైన ట్రాన్సిల్వేనియాను ఆయన ఎన్నడూ చూడలేదు. గ్రంథపఠనమే ఆయన యాత్ర. సుమారు ఏడేండ్ల కృషి అనంతరం, 1897లో నవల వెలువడింది.

విక్టోరియా రాణి సామ్రాజ్యం అప్పుడు ఉచ్చస్థితిలో ఉంది. రైళ్లు, తంతివార్తలు, టైపు యంత్రాలు, ఫోనోగ్రాఫు, ఇవన్నీ నవలలో కనిపిస్తాయి. స్వయంగా టైపు చేసే మీనా పాత్రలో నాటి విద్యావంతురాలైన స్త్రీ ఛాయ ఉంది. నవలలోని వైద్యులు రక్తవర్గాల ప్రసక్తి లేకుండానే రక్తం ఎక్కిస్తారు; ఆ వర్గాలను లాండ్‌స్టైనర్ కనుగొన్నది 1901లో మాత్రమే. విజ్ఞానం ఇంతగా వెలిగినా భయం తొలగలేదు. తూర్పు ఐరోపాలో హింసకు గురైన యూదులు లండన్‌కు తరలివస్తుండగా, పరదేశీయులపై అనుమానం ప్రబలింది. 1905లో వారి రాకను అరికట్టే శాసనమూ వచ్చింది. తూర్పు నుండి ఓడలో వచ్చి నగరాన్ని కబళించజూచే ప్రభువు కథలో ఆ భయం ప్రతిఫలించిందని పలువురు పండితులు భావించారు.

1905లో ఇర్వింగ్ మరణించాడు. అనారోగ్యం, ధనాభావం స్టోకర్‌ను క్రుంగదీశాయి. 1911లో రచయితల సహాయనిధికి అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. 1912 ఏప్రిల్ 20న ఆయన లండన్‌లో కన్నుమూశాడు. 1922లో జర్మనీవారు అనుమతి లేకుండా ఆయన కథను చలనచిత్రంగా తీయగా, భార్య ఫ్లోరెన్స్ న్యాయపోరాటం చేసి గెలిచింది. 1931 నాటి అమెరికా చిత్రంతో డ్రాక్యులా పేరు లోకమంతటా మారుమ్రోగింది. ఆ వైభవాన్ని చూడటానికి రచయిత మిగలలేదు.

భయానక కథను వినోదానికి చదవడం సహజం. కాని ఒక సమాజం ఎవరిని చూచి భయపడిందో, ఆ భయంతో ఎవరికి రాక్షసరూపం కల్పించిందో గ్రహించగలిగినప్పుడే మన పఠనం సార్థకమవుతుంది. స్టోకర్ జీవితం విద్యార్థి లోకానికి అందించే పాఠం ఇదే.