అశోకుని యనుతాపము

పాపము చేయనివాడు లోకమున నరుదు. చేసిన పాపమును పాపమని యొప్పుకొనువాడు అంతకంటె నరుదు. ఒప్పుకొనినవాడు రాజదండము చేత బట్టినవాడగుట మఱియు నరుదు. మనుధర్మశాస్త్రము పదునొకండవ యధ్యాయమున బ్రాయశ్చిత్తవిధులను జెప్పుచు, పాపి తన పాపమును బయలుపఱచుటవలనను, పరితపించుటవలనను, తపోధ్యయన దానములవలనను విముక్తుడగునని నిర్ణయించినది. ఇక నిట్లు చేయనని మరలినగాని శుద్ధి లేదని కూడ దెలిపినది. ఈ కొలతతో గొలిచి చూడదగిన జీవితము మౌర్యచక్రవర్తియగు నశోకునిది. దానినే యీ సంచిక చదువరుల ముందుంచుచున్నాము.

అశోకుడు చంద్రగుప్తుని పౌత్రుడు, బిందుసారుని పుత్రుడు. క్రీస్తునకు పూర్వము 268 ప్రాంతమున పాటలీపుత్రమున బట్టాభిషిక్తుడై సుమారు 36 సంవత్సరములు రాజ్యమేలెను. ఇతడు తొంబదితొమ్మండ్రు సోదరులను జంపి సింహాసన మెక్కెనని సింహళ గ్రంథములు చెప్పుచున్నవి. కాని యతడు తన యైదవ శిలాశాసనమున సోదరుల యొక్కయు, సోదరీమణుల యొక్కయు నంతఃపురములను బేర్కొనియున్నాడు. కావున నా కథ యెల్ల నిజమని మేము నమ్మజాలము. మతము పుచ్చుకొనక పూర్వపు జీవితమునకు మసి పూసినగాని పిదప వచ్చిన వెలుగు కన్నుల కానదని కథకులు తలంచి యుందురు.

అతని నిజమైన పాపమునకు సాక్ష్యము వెదుక బనిలేదు. దానిని దానే ఱాతిపై జెక్కించెను. పట్టాభిషేకమైన యెనిమిదవ యేట నతడు కళింగముపై దండెత్తి జయించెను. లక్ష మంది హతులైరి. లక్షయేబది వేల మంది చెఱబట్టి కొనిపోబడిరి. అంతకు బెక్కు రెట్లు ఇతర విధముల నశించిరి. ఈ లెక్క శత్రువులు వ్రాసినది కాదు, గెలిచినవాడే తన పదుమూడవ శాసనమున వ్రాయించినది. గెలిచిన రాజు చంపినవారి సంఖ్యను జెప్పుట వింత కాదు. ఎందఱ రాజులో గర్వముతో జెప్పుకొనిరి. ఇతడు దుఃఖముతో జెప్పుకొనెను. అదియే వింత.

ఆ దుఃఖ మెట్టిదో యించుక పరిశీలింతము. యుద్ధమున బడిన యోధులను గూర్చి మాత్రమే యతడు వగవలేదు. తలిదండ్రులను, గురువులను సేవించుచు, మిత్రులయెడ, బంధువులయెడ, దాసులయెడ మంచిగా మెలగు గృహస్థులు ఆ దేశమున నుండిరనియు, వారికి హింసయు, మరణమును, ప్రియజన వియోగమును గలిగెననియు జెప్పెను. తమకు గీడు కలుగకున్నను, ప్రియమైనవారికి గలిగిన కీడువలన బాధపడినవారిని గూడ లెక్కించెను. అప్పుడు నశించినవారిలో నూఱవ పాలో, వేయవ పాలో నేడు నశించినను దనకు బరమదుఃఖ మగునని తెలిపెను. తన మనస్సునకు గలిగిన దానికి శాసనమున వాడిన మాట యనుశోచనము. సంస్కృతమున శోకము, శుచి యను రెండు పదములును శుచ్ ధాతువునుండియే వచ్చినవి. శోకములేనివాడని పేరు పెట్టుకొనిన రాజు శోకమువలన శుచియగుటకు యత్నించెననుట యొప్పును.

ఇచట నొక్క సంగతి మఱువరాదు. ఈ పదుమూడవ శాసనము దేశమున నలుమూలల జెక్కబడినది. మన కర్నూలు సీమలోని యెఱ్ఱగుడియందు నున్నది. దాని గ్రీకు అనువాదపు భాగము 1963లో కాందహారమున దొరకినది. కాని కళింగములోని ధౌళియందుగాని, 1936 వఱకు మదరాసు రాజధానిలో నుండిన గంజాం జిల్లాలోని జౌగడయందుగాని యిది లేదు. చంపబడినవారి బిడ్డలుండు చోట మాత్రము చక్రవర్తి తన పశ్చాత్తాపమును జెప్పలేదు. మానిన గాయమును రేపరాదను దయ కారణమో, ఏలినవాడు ఏలబడువారి యెదుట తల వంచరాదను రాజనీతి కారణమో! రెండును గలసి యుండునని మా యూహ. చెఱగొనిపోయినవారిని మరల బంపినట్లు గాని, రాజ్యము తిరిగి యిచ్చినట్లు గాని శాసనములలో నెచ్చటను లేదు.

మఱి కళింగమున నేమి చెక్కించెను? మనుజులందఱు తన బిడ్డలనియు, బిడ్డల కెట్లు ఇహపరసుఖముల గోరునో ప్రజల కట్లే గోరుదుననియు జెక్కించెను. నిష్కారణముగ నెవ్వనిని జెఱబెట్టరాదనియు, హింసింపరాదనియు దోసలి, సమాపా నగరముల యధికారులను శాసించెను; అసూయ, కోపము, తొందరపాటు, సోమరితనము విడువుడని హెచ్చరించెను; అధికారుల నడవడిని విచారించుటకై యైదేండ్ల కొకసారి సౌమ్యుడైన మహామాత్రుని బంపుదుననెను. మాటతో గోరని క్షమను నడతతో గోరెనని చెప్పవచ్చును. చేతులు కాలిన పిమ్మట నాకులు పట్టుకొనుటయే యిది యని కొంద ఱనవచ్చును. కాని కాలిన చేతితో మరల నిప్పు ముట్టినవా రెందఱు లేరు? అశోకుడు మాత్రము కళింగము తరువాత మఱియొక దేశముపై దండెత్తినట్లు తెలియరాదు. చోళ పాండ్యులు దక్షిణమున స్వతంత్రులుగనే యుండిరి. వారి దేశములకు సేనలకు మాఱు మనుష్యులకును బశువులకును దగిన చికిత్స నేర్పాటు చేసెను. దారుల ప్రక్క బావులు త్రవ్వించి చెట్లు నాటించెను. రాజుగారి వంటశాలలో లక్షలకొలది జంతువుల వధ మాన్పి, రెండు నెమళ్లు, ఒక లేడి వఱకు దగ్గించి, వానిని గూడ మాన్పుదుననెను. మరణశిక్ష మాత్ర మతడు తీసివేయలేదు; శిక్ష పడినవారికి మూడు దినముల గడువిచ్చెను.

క్షమను గూర్చియు నతని మాట స్పష్టము. అపకారము చేసినవానిని గూడ క్షమింపదగినంత వఱకు క్షమింపవలెననెను. అడవిజాతుల వారిని మంచిమాటలతో దిద్దగోరుచునే, అనుతపించు తనకు శక్తి లేకపోలేదనియు, చంపబడకుండునట్లు తప్పులు మానుకొనవలసినదనియు హెచ్చరించెను. ఇది ముని క్షమ కాదు, రాజు క్షమ. దానికొక యెల్ల గలదు. ఆ యెల్లను దాచక చెప్పుట యతని నిజాయితీ.

స్తంభశాసనములలో నొకదాన, మనుజుడు తాను చేసిన మేలునే చూచును గాని, ఈ పాపము నేను చేసితినని చూడడనియు, అట్లు చూచుకొనుట మిక్కిలి కష్టమనియు జెప్పెను. క్రౌర్యము, కోపము, గర్వము, అసూయ యనునవి పాపమునకు ద్వారములనెను. పరులకు జెప్పిన నీతి యగునా యిది? అనుభవించినవాని మాటగా మాకు దోచుచున్నది.

సాహిత్య మతని నెట్లు చిత్రించెను? చిత్ర మేమనగా, సింహళ గ్రంథములు గాని, అశోకావదానము గాని కళింగయుద్ధమును బేర్కొననే లేదు. వారికి గావలసినది మతప్రవేశమహిమ. అయినను నవదానకథ రాజును బూర్తిగా వెనుకవేసికొనలేదు. బౌద్ధుడైన పిదపగూడ గోపమున నాజీవకులను జంపించెననియు, అట్టి మఱియొక యాజ్ఞవలననే సోదరుడైన వీతశోకుడు పొరపాటున వధింపబడెననియు జెప్పినది. కుణాలుని కథ మఱియు హృదయమును గలచును. సవతితల్లి తిష్యరక్షిత తన కన్నులు పెఱికింపగా గుణాలు డామెను క్షమించెను. తండ్రి క్షమింపక యామెను జంపించెను. కథ కల్పితమే యగుగాక. పాపియై క్షమ గోరిన వానికిని బరులను క్షమించుట యెంత దుష్కరమో కవి యెఱిగెను. ఈ కథయే కడపట సర్వమును దానము చేసి, మిగిలిన సగ ముసిరికాయను గూడ సంఘమున కర్పించిన ముదుసలి రాజును జూపినది.

అతని లిపిని మఱచిన లోకమునకు 1837లో జేమ్సు ప్రిన్సెపు దానిని జదివి వినిపించెను. దేవానాంప్రియుడే యశోకుడని 1915లో బయల్పడిన మస్కి శాసనము స్థిరపఱచెను. అతని ధర్మచక్రము 1947లో మన పతాకముపై నిలిచెను.

మనువు కొలతతో గొలిచినచో నశోకుడు పాపమును బయలుపఱచెను, పరితపించెను, దాన మొనర్చెను, మరల జేయకుండెను. కీడుపడినవాని యెదుట నిలిచి చెప్పుట యొక్కటి మాత్రము చేయలేదు. చక్రవర్తికే కానిపని యది. మనబోటి గృహస్థులకు రాజ్యము లేదు, కాపాడుకొనవలసిన కిరీటము లేదు. అన్నదమ్ముల నడుమ, వియ్యపువారి నడుమ, ఇరుగుపొరుగుల నడుమ దప్పు జరిగినచో నాలుగు గడపలు దాటి పోయి చెప్పుకొనవచ్చును. ఱాతిపై జెక్కించుటకంటె నిది తేలికయే కాని, చేయువారే తక్కువ. ఆ నాలుగు గడపలు దాటుటకు మన చదువరులకు భగవంతుడు బలమొసగుగాక!