ఆవిడ లా ఎందుకు చదివారంటే...

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే మనలో చాలామందికి పోటీ పరీక్షల్లో వచ్చే ఒక బిట్. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి ఛైర్‌పర్సన్ ఎవరు? టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోతాం. కానీ ఆవిడ లాయర్ ఎందుకయ్యారో తెలిశాక నాకు ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలనిపించింది.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దని చెప్పేసి, చదువు వైపు, జాతీయోద్యమం వైపు నడిచారు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకెళ్లారు. 1933 లోపు మూడుసార్లు జైలు. అక్కడ చదువురాని ఆడవాళ్లని చూశారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియక శిక్షపడ్డవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల కోసం మాట్లాడాలంటే లా చదవాలి. అప్పటికి ఆవిడకి మెట్రిక్యులేషన్ కూడా లేదు!

బయటికొచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు. తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీ. తగరపువలసలో బస్సెక్కితే మనం దిగే చోటే. అప్పుడక్కడ అమ్మాయిలకి హాస్టల్ లేదు. ఆవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే మరికొందరు అమ్మాయిల్ని కూడగట్టి హాస్టల్ మొదలుపెట్టారు. పొలిటికల్ సైన్స్‌లో డిగ్రీ అయ్యాక మద్రాసులో లా పూర్తిచేసి కోర్టుకెక్కారు. అంతకుముందే, 1937లో, అక్కడ ఆంధ్ర మహిళా సభ పెట్టారు.

1946లో రాజ్యాంగ సభకి వెళ్లారు. హిందూ స్త్రీలకి ఆస్తిహక్కు ఉండాలని వాదించారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆవిడే. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అయినా ఖాళీగా కూర్చోలేదు, ప్రణాళికా సంఘం సభ్యురాలిగా పనిచేశారు. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది చైనా వెళ్లొచ్చాక, కుటుంబ తగాదాలకి విడిగా కోర్టులుండాలని పట్టుబట్టారు. మామూలు కోర్టులో ఏళ్లతరబడి తిరిగే ఓపిక, డబ్బు ఎంతమంది ఆడవాళ్లకి ఉంటాయి?

ఆ చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981లోనే పోయారు.

చట్టంలో సమానం అని రాసుకుంటే సరిపోదని ఆవిడకి జైల్లోనే అర్థమైంది. ఆ చట్టం దాకా వెళ్లడానికి చదువు కావాలి, చదువుకోడానికి ఉండే చోటు కావాలి, మన మాట వినే కోర్టు కావాలి. ఆవిడ జీవితమంతా ఆ మూడింటి కోసమే పనిచేసినట్టు నాకనిపిస్తుంది. ఇవాళ విశాఖ ఫ్యామిలీ కోర్టుకి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి ఆవిడ పేరు తెలియకపోవచ్చు. వాళ్ల పని జరిగితే చాలని ఆవిడ అనుకునేవారేమో. మనం మాత్రం తెలుసుకుందాం.