రిజాలు నవలల నామములు

ప్రజల వేదనకు పేరు పెట్టు నధికారమును పరప్రభుత్వము లన్నియు తమయొద్దనే యుంచుకొనును. వారు రాజద్రోహమనినది రాజద్రోహము, శాంతియనినది శాంతి. ఫిలిప్పైను దీవులలో ఆ యధికారమును స్పెయిను చేతినుండి లాగికొన్న మహనీయుడు హోసే రిజాలు. ఆతని రెండు నవలల పేర్లే యిందుకు సాక్ష్యము. ఆ చరిత్రమును పాఠకులకు సంగ్రహముగ నివేదించుచున్నాము.

1861 జూన్ 19వ తేదీన లగూనా మండలములోని కలాంబా పట్టణమున రిజాలు జన్మించెను. 1872 ఫిబ్రవరి 17వ తేదీన, కవీటె సైనికుల తిరుగుబాటును ప్రేరేపించిరను నెపముతో, గోమెజు, బుర్గోసు, జమోరా యను మువ్వురు స్వదేశ పురోహితులను ప్రభుత్వము మనీలాలో మెడకు ఇనుపపట్టెడ బిగించి చంపించెను. రిజాలు అన్నగారగు పసియానో బుర్గోసుకు ఆప్తుడు. ‘ఫిలిబుస్తెరో’ యను మాట ఆ కాలముననే బాలుని చెవిని బడెను. సముద్రపు దోపిడికాండ్రకు చెల్లిన యా పదమును పాలకులు స్వాతంత్ర్యకాంక్షులకు తగిలించిరి. ఇంటిలో దాని నుచ్చరించుటకే జనులు వెరచిరి.

తల్లి చూపు మందగించుటచే రిజాలు నేత్రవైద్యమును ఎన్నుకొని, మాద్రిదు, పారిసు, హైడెల్బర్గు నగరములలో విద్య నభ్యసించెను. 1887లో బెర్లినున ముద్రితమైన ప్రథమ నవలకు ‘నోలి మే తాంజెరె’ యని పేరిడెను. గ్రంథము స్పానిషు, నామము లాటిను. నన్ను తాకవలదని దాని భావము. అది యోహాను సువార్తలోని వాక్యము. ముట్టినంతనే బాధించు రాచపుండునకు వైద్యులు వాడిన పేరును అదియే. స్వదేశమును పీడించు పుండును ముసుగు తీసి చూపుటయే తన పనియని వైద్యుడైన రచయిత అంకితమున దెలిపెను. మనీలాలోని శాంతో తోమాసు విశ్వవిద్యాలయ పండితులు గ్రంథమును మతవిరుద్ధమని నిందించిరి. తాకరానిదానిని తాకినాడని వారే యొప్పుకొన్నట్లయ్యెను!

1891లో ఘెంటు నగరమున రెండవ నవల వెలువడెను. దానికి ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ యని పాలకుల తిట్టునే నామముగ నుంచి, హతులైన మువ్వురు పురోహితులకు అంకితమిచ్చెను. ఆ కథలో కుట్ర ఫలింపదు. రచయిత తిరుగుబాటును కీర్తింపలేదు. తిరుగుబాటుదారుని పుట్టించినది ప్రభుత్వమేయని నిరూపించెను. ఈ భేదమును గ్రహింపగల వివేకము పాలకులకు లేకపోయెను.

1892లో ఆతనిని దపితానుకు ప్రవాసము పంపిరి. అచట పాఠశాల నడపి, రోగులకు చికిత్స చేసెను. 1896 విప్లవమును ఆతడు సమ్మతింపకున్నను, సైనిక న్యాయస్థానము దాని భారమును ఆతనిపైనే మోపెను. డిసెంబరు 30వ తేదీన బగుంబాయను మైదానమున, ముప్పదియైదేండ్ల ప్రాయమున, తుపాకి గుండ్లకు బలియయ్యెను.

మరణమునకు ముందు వ్రాసిన పద్యమును ఆతడు సారాయి పొయ్యిలో దాచి సోదరికి జేర్చెను. దానికి పేరు లేదు. పిమ్మట నితరులు పెట్టిరి. స్పెయిను ప్రభుత్వము 1898లో నంతరించెను. స్వతంత్ర ఫిలిప్పైను ప్రభుత్వము 1956లో ఆతని నవలలను విద్యాలయములలో పఠనీయములుగ శాసించెను. ఒకనాడు ఇంటిలో పలుకుటకు వెరచిన మాటను నేడు బాలురు పాఠముగ జదువుచున్నారు. ఇంతకన్న విజయమేమి కలదు?