ఇసుకలో పునాది వేసిన దొర

ధ్యానమునకు: మత్తయి 7:24–27, ఆదికాండము 26:18



ఇసుకమీద ఇల్లు కట్టుకొనిన బుద్ధిహీనుని సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలియును. వరద తాకినప్పుడు ఆ యిల్లు నిలువలేదు. అయితే మన గోదావరిలో ఒక గొప్ప కట్టడము ఇసుకలోనే పునాది వేయబడి, 1852 మొదలుకొని 1982లో దాని స్థానమున క్రొత్త బరాజు పూర్తియగు వరకు, అనగా 130 ఏండ్లు, ఏటేట వచ్చు వరదలకు ఎదురు నిలిచెను. అదే ధవళేశ్వరము ఆనకట్ట. దానిని చూచి మన ప్రభువు చెప్పిన ఉపమానము తప్పని ఎవరైన అనవచ్చునా? అనరాదు. అది ఏలాగున నిలిచెనో తెలిసికొనినయెడల ఆ ఉపమానము మనకు మరింత తేటపడును. అందునుగూర్చి దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ జీవితమును ఈ నెల క్లుప్తముగా వ్రాయుచున్నాను.

నది సంగతి

ముందు నదినిగూర్చి తెలిసికొందము. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గరనున్న త్ర్యంబకము కొండలలో పుట్టును. పడమటి సముద్రము అక్కడికి సుమారు 50 మైళ్ల దూరములోనే ఉన్నను, నది ఆ వైపునకు పోక తూర్పునకు తిరిగి, సుమారు 900 మైళ్లు ప్రయాణముచేసి బంగాళాఖాతములో కలియును. దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలైన నదులు దానిలో చేరును. మన దేశపు భూమిలో దాదాపు పదియవ వంతున కురిసిన వాన ఈ యొక్క నదిలోనికే వచ్చును. కాబట్టియే వేసవిలో ఇసుక తిన్నెల నడుమ సన్నగా పారు నీరు, శ్రావణ మాసము వచ్చుసరికి ఎఱ్ఱని సముద్రమువలె కనబడును.

పాపికొండల నడుమ ఇరుకుగాను లోతుగాను వచ్చిన నది రాజమహేంద్రవరము దాటి ధవళేశ్వరము చేరునప్పటికి, నడుమనున్న లంకలతో కూడ దాదాపు నాలుగు మైళ్ల వెడల్పగును. అక్కడ గౌతమి, వసిష్ఠ అను రెండు పాయలుగా చీలును. మరికొంత దిగువను వసిష్ఠనుండి వైనతేయ విడిపోవును. ఈ పాయలు వేలాది యేండ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టియే మన డెల్టా. ఇందులో ఒక విశేషమున్నది. వరద పొర్లినప్పుడు నది తన మట్టిని తన ఒడ్డులమీదనే ఎక్కువగా విడిచిపెట్టును. అందుచేత నది గట్టు ఎత్తుగా నుండి, పొలములు దానినుండి దూరమైనకొలది పల్లముగా వాలియుండును. డెల్టా తలయొద్ద నీటిని కొలది అడుగులు పైకెత్తగలిగినచో, అది కాలువలగుండ తనంతట తానే చేలమీదికి పారును.

కాని నూట డెబ్బదియైదేండ్ల క్రిందట నీటిని ఆలాగున ఎత్తినవారు లేరు. వరద వచ్చినయెడల పంట మునిగెడిది. వాన రానియెడల ఎండెడిది. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను పాడుచేసి, గోదావరి మండలమునుకూడ విడువలేదు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలమంది జనులుండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలమంది మాత్రమే మిగిలిరి. కొందరు చనిపోయిరి, కొందరు ఊళ్లు విడిచి పోయిరి. ఆ దినములన్నిటను గోదావరి నీరు ఆకలిగొన్న ఊళ్ల ప్రక్కనుండియే సముద్రములోనికి పోవుచుండెను.

కాటన్ నేర్చుకొనిన పాఠము

ఆర్థర్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో అతడు పదవవాడు. పదునైదేండ్ల వయస్సున కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరు పనిలో తర్ఫీదు పొంది, 1821లో మద్రాసునకు వచ్చెను. మొదటి బర్మా యుద్ధములో పనిచేసెను. యౌవనమునుండియు దేవుని యందు భయభక్తులు గలవాడై, ప్రార్థనను, వాక్య పఠనమును విడువక నడచుకొనెను. అయితే శరీరము బలమైనది కాదు. అనారోగ్యమువలన ఉద్యోగమునకు పలుమారులు సెలవు పెట్టవలసివచ్చెను. ఆలాటి సెలవులోనే టాస్మేనియా ద్వీపమునకు పోయి, 1841లో అక్కడ ఎలిజబెత్ లెర్మంతును వివాహమాడెను.

అంతకుముందు తంజావూరు సీమలో అతనికి కావేరి నది పనులు అప్పగింపబడెను. అచ్చట కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. చోళరాజైన కరికాలుడు దానిని కట్టించెనని పరంపరగా చెప్పుదురు. అది ఇసుకలోనే నిలిచియుండుట చూచి కాటన్ ఆశ్చర్యపడెను. చదువుకొనిన ఇంజనీర్లు నదిలో రాతి పొర దొరకు వరకు త్రవ్వవలెనని తలంచెడివారు. కావేరి ఇసుకకు అడుగెక్కడో కనుగొనుట సాధ్యము కాదు. పూర్వికులు ఆలాగున త్రవ్వనేలేదు. వారు పెద్ద పెద్ద బండరాళ్లను నదిలో వేసిరి. ఆ రాళ్లు ఇసుకలో దిగిపోయెను. వాటిమీద మరికొన్ని వేసిరి, అవియు దిగెను. ఇక దిగనంత వరకు వేయుచుండిరి. అప్పుడు దానిమీద కట్టిరి.

కాటన్ ఈ దేశస్థులయొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. అడుగు తెలియని ఇసుకలో పునాది వేయు విధమును తాను వారివలననే నేర్చుకొంటినని అతడు బాహాటముగా ఒప్పుకొనెను. ఆ విధముననుసరించి 1836 మొదలుకొని కావేరి పాయయైన కొల్లడముమీద రెండు ఆనకట్టలు కట్టించెను. తన తండ్రి కాలమున త్రవ్విన బావులను ఇస్సాకు తిరిగి తెరిపించి, వాటి పాత పేళ్లనే నిలిపెను గదా. పూర్వికుల బావిని పూడ్చివేసి తన పేరున వేరొకటి త్రవ్వుకొను గర్వము కాటన్‌నకు లేకపోయెను.

ధవళేశ్వరములో

1844లో హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారి జిల్లా దుర్దశను పరిశీలించి, కాటన్ ఆలోచన చొప్పున ఆనకట్ట కట్టుట మంచిదని వ్రాసెను. కంపెనీవారు జనుల ప్రాణములకొరకు మాత్రమే ఒప్పుకొనిరనుట సత్యము కాదు. ఏటేట తగ్గుచున్న శిస్తునుగూర్చియు వారు విచారపడుచుండిరి. ఏదియెట్లున్నను 1846 చివరను అనుమతి వచ్చెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకల నడుమనున్న పాయలకు అడ్డముగా, మొత్తము సుమారు రెండుంబావు మైళ్ల పొడవున, 12 అడుగుల ఎత్తున ఆనకట్ట లేచెను. ఇసుకలోనికి వరుసగా నూతులు దింపి, వాటిమీద గోడలు కట్టి, దిగువ వైపున లెక్కలేనన్ని బండరాళ్లు పరచిరి. ధవళేశ్వరము కొండను పగులగొట్టి ఆ రాళ్లు తెచ్చిరి. సుమారు పదివేలమంది కూలీలు, వారితోకూడ వడ్రంగులు, కమ్మరులు, పడవవారు పనిచేసిరి. కాటన్‌నకు కుడిభుజముగా నిలిచినవాడు వీణెం వీరన్న అను మన తెలుగు ఉద్యోగి. కూలీలను కూడగట్టుటలోను పని నడిపించుటలోను అతని సహాయము లేనియెడల ఆ కార్యము సాగియుండదు. మధ్యలో కాటన్ జబ్బుపడి కొంతకాలము పని విడువవలసివచ్చినప్పుడు, కెప్టెన్ ఆర్ అను అధికారి దానిని నడిపించెను. హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమువద్ద వైనతేయమీదుగా 49 కమానుల వంతెన కట్టి, దానిపైనుండి కాలువ నీటిని నగరము లంకకు చేర్చెను.

వరదలు కట్టడమునకు హాని చేయక మానలేదు. నీరు పైనుండి దుమికి దిగువనున్న ఇసుకను కోసినప్పుడెల్ల అక్కడి రాళ్లు క్రుంగిపోయెడివి. మరల రాళ్లు వేసెడివారు. ఆనకట్ట పూర్తియైన తరువాతకూడ ఈ పని మానలేదు. వరద తీసిన పిమ్మట క్రుంగినచోట్లు చూచి రాళ్లు వేయుట ఆనకట్ట బ్రతుకులో ఒక భాగమాయెను.

లాభము, లోపము

కాలువలు సాగినకొలది మెట్ట పొలములు మాగాణులాయెను. లాకులగుండ పడవలు నడచెను. 1855 నాటికి బెజవాడలో కృష్ణా ఆనకట్టయు పూర్తియాయెను. 1876–78 నాటి ధాత కరువులో దక్షిణదేశమంతట లక్షలాది జనులు చనిపోవుచుండగా, గోదావరి డెల్టా తాను తినుటయేగాక ఇతరులకును ధాన్యము పంపెను. ఇప్పుడు ఆ నీటిక్రింద సుమారు పది లక్షల యెకరములు సాగగుచున్నవి. అందుకే మన జిల్లాలలో ఊరూర కాటన్ దొర విగ్రహము కనబడును. మే 15న పూలదండలు వేయుదురు.

అయితే అతడు చేసినదంతయు సఫలము కాలేదు. అతని ఆలోచననుబట్టి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ నష్టములలో పడగా, 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. గోదావరి ఎగువ భాగమున పడవల దారికొరకు దుమ్ముగూడెమువద్ద చేసిన పనులు సగములో విడువబడెను. రైలు మార్గములకంటె కాలువలే ఈ దేశపు బీదలకు మేలని వాదించినందున, 1878లో పార్లమెంటు కమిటీయెదుట 75 ఏండ్ల వయస్సున కఠినమైన ప్రశ్నలకు నిలువవలసివచ్చెను. అయినను నిరాశపడక, ముసలితనములో డార్కింగు పట్టణమందలి తన యింటి తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి చూచుచు, 1899 జూలై 24న 96 ఏండ్లవాడై కన్నుమూసెను.

మరియొక లోపముకూడ చెప్పవలెను, ఏలయనగా అది మన పేటలకు సంబంధించినది. నీరు భూమిగలవాని చేనికి పారినది. భూమిలేనివానికి కూలి దొరికెను, కరువులో గింజ దొరికెను. కాని భూమి దొరకలేదు. రాయి మోసినవారి పిల్లలు, కాలువ త్రవ్వినవారి మనుమలు, ఆ కాలువ గట్టునే పరుల చేలలో నాట్లు వేసిరి. నది నీటిని పంచుట కాటన్‌నకు తెలిసెను. మనుష్యుల మధ్యనున్న ఎత్తుపల్లములను సరిచేయుట ఏ ఇంజనీరు వలనను కాలేదు. ఆ పని ఇంకను మిగిలియున్నది.

మనకు బుద్ధి

ప్రియులారా, ఇప్పుడు ఉపమానమునకు తిరిగి వత్తము. బుద్ధిహీనుడు చేసిన తప్పేమి? లోతునకు పోకపోవుట. పైన కనబడు ఇంటినిగూర్చియే ఆలోచించి, క్రింద దిగవలసినదాని ఖర్చునకు వెనుదీసెను. ధవళేశ్వరములో బండ దొరకలేదు. అందుచేత దిగుటకు ఒప్పుకొనిన రాళ్లే అక్కడ బండయాయెను. మొదట వేసిన రాళ్లలో ఒక్కటియు ఎవరికిని కనబడదు. అవి నశించినవని తలంచినయెడల పొరబాటు. పైదంతయు వాటిమీదనే నిలిచెను.

మన సంఘములుకూడ అట్టివే. పేటలో మొదట ప్రభువును నమ్మి కులమువారిచేత వెలివేయబడిన ముసలివాడు, చదువురాకపోయినను ప్రతి సాయంకాలము మోకరించిన అవ్వ, జీతము సరిగా రాకున్నను పిల్లలకు అక్షరములు నేర్పిన పంతులుగారు, గుడి గోడకు మట్టి మోసిన తల్లులు. వీరి పేళ్లు ఏ శిలాఫలకముమీదను లేవు. మన ప్రభువే గోధుమగింజవలె భూమిలో పడుటకు ఒప్పుకొనినవాడు గదా.

కాబట్టి ఈ నెలలో రెండు పనులు చేయుదము. మన సంఘములో మొదట దిగిపోయిన రాళ్లెవరో పెద్దలనడిగి, వారి పేళ్లు పిల్లలకు చెప్పుదము. మరియు మన తరమువారమైన మనము దిగవలసినచోట దిగుటకు వెనుదీయక యుందుము. ఒక్క వరదకు రాయి క్రుంగినదని పని మానినయెడల ఆనకట్ట లేచెడిది కాదు. క్రుంగినచోటనే మరియొక రాయి వేయు ఓర్పును దేవుడు మనకు దయచేయునుగాక. ఆమేన్.