రెండు సైన్యాలూ వద్దన్న వీరుడు

ఢిల్లీలో కాశ్మీరీ గేటు దగ్గర పెద్ద గుమ్మటంతో ఒక పాత చర్చి ఉంది. దాని పేరు సెయింట్ జేమ్స్ చర్చి. దాన్ని కట్టించినది పూజారీ కాదు, రాజూ కాదు. ఒక కిరాయి సైనికుడు. జీతం తీసుకుని ఏ ప్రభువు కొలువులోనైనా యుద్ధం చేసేవారిని అలా అంటారు. ఆయనే జేమ్స్ స్కిన్నర్.

స్కిన్నర్ 1778లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీలో స్కాట్లండు అధికారి, తల్లి రాజపుత్ర స్త్రీ. పన్నెండేళ్లకే తల్లి చనిపోయింది. తండ్రి అతన్ని ఒక ముద్రణాలయంలో పని నేర్చుకోమని పెట్టాడు. ఆ పని నచ్చక మూడు రోజులకే పారిపోయి, బజారులో మూటలు మోసి పొట్ట పోసుకున్నాడు.

అతనికి సైనికుడు కావాలని కోరిక. కానీ భారతీయ తల్లికి పుట్టినవారికి కంపెనీ సైన్యంలో అధికారి పదవి ఇవ్వకూడదని 1791లో నియమం వచ్చింది. అందుకని మరాఠా ప్రభువు సింధియా సైన్యంలో చేరాడు.

1800లో రాజస్థాన్‌లోని ఉనియారా దగ్గర యుద్ధంలో తీవ్రంగా గాయపడి, శవాల మధ్య దాహంతో పడి ఉన్నాడు. అప్పుడు ఒక పేద ముసలమ్మ గంపతో, నీళ్ల కుండతో వచ్చింది. గాయపడినవారికి జొన్నరొట్టె ముక్క పెట్టి, నీళ్లు పోసింది. ఆమెది ఆనాడు అంటరానిదన్న కులం. కోలుకున్నాక స్కిన్నర్ ఆమెను తల్లిగా భావించి డబ్బు పంపాడు. బతికితే చర్చి కట్టిస్తానని ఆ యుద్ధభూమిలోనే మొక్కుకున్నాడు.

1803లో మరాఠాలకూ కంపెనీకీ యుద్ధం వచ్చింది. తండ్రి బ్రిటిష్‌వాడని సింధియా సేనాని పెరాన్ అతన్ని కొలువు నుంచి తీసేశాడు. తల్లి వల్ల ఒకరు వద్దంటే, తండ్రి వల్ల ఇంకొకరు వద్దన్నారన్నమాట! కంపెనీ సేనాని లేక్ అతన్ని పిలిచాడు. పాత ప్రభువు సింధియా మీద మాత్రం కత్తి ఎత్తనని స్కిన్నర్ చెప్పాడు. లేక్ ఒప్పుకున్నాడు. ఢిల్లీ యుద్ధం తర్వాత కంపెనీ వైపు వచ్చిన మరాఠా రౌతులు తమ నాయకుడిగా స్కిన్నరే కావాలని కోరారు. అలా పసుపు కోట్ల ఆశ్వికదళం పుట్టింది. రౌతులు ఆయన్ను ప్రేమగా సికందర్ సాహెబ్ అని పిలిచేవారు.

చర్చి మొక్కు 1836లో తీరింది. 1841లో హాన్సీలో కన్నుమూసిన ఆయన్ను తర్వాత ఆ చర్చిలోనే సమాధి చేశారు. ఆయన దళం స్కిన్నర్స్ హార్స్ అన్న పేరుతో నేటికీ భారత సైన్యంలో ఉంది. ఇప్పుడు గుర్రాలకు బదులు ట్యాంకులు నడుపుతోంది.

బదిలీల వల్ల మనకు తరచూ ఊరు మారుతుంది. మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనం తడబడతాం. స్కిన్నర్‌నూ ఎవరూ తమవాడు అనలేదు. అయినా ఆయన తిన్న ఉప్పును మరవలేదు, నీళ్లు పోసిన చేతినీ మరవలేదు. అందుకే చివరికి ఎందరికో తనవాడయ్యాడని మేము అనుకుంటున్నాం.