మేరీ క్యూరీ – ఒక కొలమానపు చరిత్రము

కొలత సరిగా నున్నగాని న్యాయము సరిగా నుండదు. కుంచము ఊరూరికి మారినచో నష్టపడువా డెవ్వడో రైతులకు వేరుగ జెప్ప నక్కఱలేదు. మన్యపు సంతలకు చింతపండును అడ్డాకులను మోసితెచ్చి యమ్ముకొను కొండవారు దొంగకొలతలవలన తరతరములుగ మోసపోయిరి. వారి సరకునకు న్యాయమైన ధర దక్కవలెననియే 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ యేర్పడినది. చింతపండునకు కొలత యెంత యవసరమో, కంటికి గానరాని కిరణములకును అంత యవసరమే. అట్టి కిరణశక్తికి క్యూరీ యను కొలమానమును నిలిపిన మహనీయురాలి చరిత్రము మన మెఱుగదగినది.

ఈ చరిత్రము మన నేలకు దూరమైనదని తలపరాదు. అనంతగిరి కొండలలో బుట్టి, బొర్రాగుహలమీదుగ బ్రవహించి, భీమునిపట్టణమున సముద్రమును జేరు గోస్తనీనదియు, దానివంటి యితర యేఱులును తూర్పుకనుమల శిలలను యుగయుగములుగ నఱుగదీసి తీరమునకు జేర్చుచున్నవి. ఆ శిలలలో ముఖ్యమైనదానికి కొండజాతియగు ఖోండుల పేరుననే ఖోండలైటు అని పేరు వచ్చినది. భీమునిపట్టణపు టిసుకలో మోనజైటు అను ఖనిజము గలదు. అందు థోరియము గలదు. థోరియము నిరంతరము కిరణములను వెలువరించునని 1898లో వేర్వేరుగ గనుగొన్న యిరువురిలో నొకరు జర్మనుపండితుడు ష్మిట్టు, రెండవవారు మేరీ క్యూరీ.

ఆమె 1867 నవంబరు 7వ తేదీన పోలెండుదేశమందలి వార్సా నగరమున జన్మించెను. పుట్టినింటి పేరు మరియా స్క్లొడొవ్‌స్కా. ఆనాడు వార్సా రష్యాచక్రవర్తి యేలుబడిలో నుండెను. పాఠశాలలలో మాతృభాషకు స్థానము లేకుండెను. తండ్రి గణితభౌతికశాస్త్రముల నుపాధ్యాయుడు. తల్లి యామెకు పదేండ్ల ప్రాయముననే గతించెను. విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేనందున దేశభక్తులు రహస్యముగ నడపుచుండిన తరగతులలో నామె చదివెను. పరుల యిండ్లలో పిల్లలకు జదువు చెప్పి, ఆ జీతముతో పారిసున వైద్యవిద్య నభ్యసించుచుండిన యక్కకు సాయపడెను. తనవంతు వచ్చుసరికి 1891వ సంవత్సర మయ్యెను. పారిసున చలికిని ఆకలికిని ఓర్చి చదివి, 1893లో భౌతికశాస్త్రపరీక్షయందు ప్రథమస్థానము నందెను.

1895లో పియరీ క్యూరీ పండితుని వివాహమాడెను. యురేనియమునుండి కిరణములు వెలువడుట 1896లో బెకరెలు పండితుడు కనిపెట్టగా, మేరీ యా కిరణముల బలమును, భర్తయు నాతని సోదరుడును నిర్మించిన సున్నితమైన విద్యుద్యంత్రముతో కొలువసాగెను. పిచ్‌బ్లెండు అను ఖనిజమునందు యురేనియమునకు మించిన బలము కనబడెను. లెక్కకు మించినది కనబడినచో నందు లెక్కకు రాని వస్తు వుండవలెనని యామె గ్రహించెను. 1898లో దంపతులు రెండు క్రొత్త మూలపదార్థములను బ్రకటించిరి. మొదటిదానికి, నాటి దేశపటమున స్వతంత్రరాజ్యముగ లేని తన మాతృభూమిపేరుమీదుగ పొలోనియమని నామకరణము చేసిరి, రెండవది రేడియము. కారుకొట్టములో టన్నులకొలది ఖనిజపుమడ్డిని మరగించి వడబోసి, 1902 నాటికి గ్రామునం దొక పదియవవంతు శుద్ధమైన రేడియము లవణమును వేఱుచేయగలిగెను.

ఆ విధానమునకు పేటెంటు పుచ్చుకొనియుండినచో దంపతులు కోటీశ్వరులయ్యెడివారు. అట్లు చేయక లోకమునకు వెల్లడించిరి. 1903లో బెకరెలుతోపాటు నోబెలు బహుమానము వచ్చెను. 1906లో పియరీ గుఱ్ఱపుబండి క్రిందబడి మరణింపగా, ఆయన పీఠమున మేరీ బోధించెను. సోర్బాను విశ్వవిద్యాలయమున బోధించిన ప్రథమస్త్రీ యామెయే.

రేడియము వైద్యశాలలకు వ్యాపించుకొలది క్రొత్త చిక్కు కలిగెను. ఒకచోటి రేడియమును మఱియొకచోటి దానితో బోల్చుటకు నిశ్చితమైన మానము లేదు. కొలత తప్పినచో రోగికే యపాయము. 1910లో బ్రసెల్సునగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు పియరీ స్మారకముగ కొలమానమునకు క్యూరీ యని పేరిడిరి. అత్యల్పపరిమాణమును మానముగ గొనవలెనని కొందఱు తలచిరి. భర్తపేరు అణుమాత్రమునకు తగదని మేరీ పట్టుబట్టగా, ఒక గ్రాము రేడియముతో సమతౌల్యమున నుండు రేడాను వాయుపరిమాణమే క్యూరీ యయ్యెను. 1911లో నామె స్వయముగ సుమారు 22 మిల్లీగ్రాముల శుద్ధలవణమును గాజుగొట్టమున బంధించి ప్రమాణముగ నొసంగెను. దానిని పారిసు చెంత సేవ్రులో నుంచిరి. తరువాత క్యూరీ యనగా సెకనునకు 3,700 కోట్ల పరమాణువుల విచ్ఛేదమని నిర్ణయించిరి. 1975లో అంతర్జాతీయ మానముగ బెకరెలు వచ్చినను, అమెరికాలో క్యూరీ నేటికిని వాడుకలో నున్నది.

1911లోనే ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ఆమెను సభ్యురాలిగ నెన్నుకొనలేదు. ఆ సంవత్సరమే రసాయనశాస్త్రమున రెండవ నోబెలు బహుమానము వచ్చెను. మహాయుద్ధమున ఎక్సురేబండ్లను నడపించి గాయపడిన సైనికులకు సేవచేసెను. విధానమును లోకమునకు ఉచితముగ నిచ్చిన యామె ప్రయోగశాలకు ఒక గ్రాము రేడియమును గొనలేకపోగా, 1921లో అమెరికాస్త్రీలు లక్ష డాలర్లు చందా పోగుచేసి యిచ్చిరి. అదియు తన సొత్తు గాక శాస్త్రమునకే చెందునట్లు పత్రము మార్పించెను.

1934 జూలై 4వ తేదీన, కిరణములు ఎముకల మూలుగను క్షీణింపజేసినందున, ఆమె మరణించెను. ఆమె వ్రాతపుస్తకములనుండి నేటికిని కిరణములు వెలువడుచున్నవి. లోకమునకు కొలత నిచ్చిన యామె తన శరీరము గ్రహించిన కిరణములను మాత్రము కొలుచుకొనలేదు. మన తీరపు టిసుకలోని సంపదను గణించువారు దీనిని మఱువరాదు. లాభమును తూచు త్రాసుననే అపాయమును గూడ తూచవలెను; ఆ తూనికయందు కొండవానికిని, తీరపు బెస్తవానికిని, పట్టణవాసికిని ఒక్కటే కుంచము వాడవలెను.